మియో ఇవాళ బతికే ఉందా మాస్టారూ

మా తమ్ముడు రత్నబాబు పోయిన రోజునే మా ఇంట్లో టీవీ రిమోట్ కూడా కనపడకుండా పోయింది. మొదటి సంగతి గురించి నేను ఎక్కువ చెప్పలేను. సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లో బండికి స్టాండు వేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. అంతే. రెండో సంగతి గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పగలను. మీరు నవ్వుకోవడానికి పనికొచ్చేది కూడా అదే.

నాకు పెళ్ళయ్యేనాటికి రత్నబాబు ఇంకా నిక్కర్లు వేసుకుంటున్నాడు. వాడికి పెట్టిందీ, తిట్టిందీ మా ఆవిడ రాజ్యశ్రీయే. వాడికి ఉద్యోగం వచ్చాక ఆ వదినామరుదులకి సాయంత్రం పూట ఒక వ్యసనం పట్టుకుంది. జపాను వాళ్ళ బొమ్మల సీరియల్. బొమ్మలంటే చిన్నపిల్లలవి కావట. దాన్ని యానిమే అంటారని, ఇది సైకలాజికల్ థ్రిల్లరని, ఏళ్ళ తరబడి వస్తూనే ఉందని నాకు చాలాసార్లు బోధించారు. తెలుగులో చెప్పుకుంటే దాని పేరు 'మంచు గడియారం'. అసలు పేరు నాకు నోరు తిరగదు. మా ఆవిడకి తిరుగుతుంది.

కథ చెబుతాను. ఎప్పుడూ మంచు కురిసే ఒక ఊళ్ళో పెద్ద గడియార స్తంభం ఉంటుంది. అది ఆగినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరు తమకి కావలసిన మనిషిని మరచిపోతారు. తల్లి కొడుకుని మరచిపోతుంది, భర్త భార్యని మరచిపోతాడు. ఈ దొంగతనం ఎవరిదో కనిపెట్టడానికి కజుమా అనే కుర్ర డాక్టరు తిరుగుతూ ఉంటాడు. మా ఆవిడ అతన్ని కాజా అంటుంది. అతనికి మియో అనే చిన్న చెల్లెలు. అందరి అనుమానమూ తకెదా అనే లెక్కల మాస్టారి మీద. మెల్లగా మాట్లాడతాడు, ఎప్పుడూ చేతిలో సుద్దముక్క ఉంటుంది. అతనికి మా ఇంట్లో పేరు చాక్‌పీసు.

రత్నబాబు ఆ సీరియల్లో లోపాలు ఎత్తేవాడు. రాజ్యశ్రీ బలాలు చెప్పేది. మర్నాడు ఇద్దరూ పక్షాలు మార్చుకుని మళ్ళీ పోట్లాడుకునేవారు. నేను ఓ మూల కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, కాస్త నెమ్మదిగా అరవమని ఇద్దరికీ కలిపి చెప్పేవాణ్ణి.

వాడు పోయాక ఆ మాట చెప్పవలసిన అవసరం రాలేదు. ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు, కుక్కరు కూత, అంతే. కూరలో ఉప్పు తగ్గిందంటే రాజ్యశ్రీ ఉప్పు డబ్బా జరిపేది. పూర్వం అయితే నా నాలుక తయారీలోనే ఏదో లోపముందని రుజువు చేసేది.

ఒకరోజు నేనే చారు పెడదామని చింతపండు డబ్బా మూత తీశాను. లోపల, చింతపండు మధ్యలో, ప్లాస్టిక్ కవరు చుట్టిన టీవీ రిమోట్. సంగతి అర్థమైంది. ఆవిడ ఆ టీవీ పెట్టలేదు, ఎవర్నీ పెట్టనివ్వదు. రిమోట్ మళ్ళీ అక్కడే పెట్టి మూత బిగించాను. చారు పెట్టలేదు.

ఆ రోజు నాకొక పథకం తట్టింది. నాకు కావలసింది పెద్దదేం కాదు. సాయంత్రం పూట ఆవిడ మళ్ళీ నాతో పోట్లాడాలి. ఓదార్చడం నాకు చేతకాదు, ఓదారిస్తే ఆవిడకి నచ్చదు. కానీ మంచు గడియారం గురించి ఎవడైనా తప్పుగా మాట్లాడితే ఆవిడ ఊరుకోలేదు. ఆ సంగతి నేను ఏళ్ళ తరబడి మూల కూర్చుని గమనించాను. కాబట్టి ఆ సీరియల్ మొత్తం రహస్యంగా చూడాలి. చూసి, గుణదోషాలు విమర్శించాలి. ఆవిణ్ణి రెచ్చగొట్టాలి.

రత్నబాబు అలమరలో హార్డ్‌డిస్కు ఉంది. వాడు సీరియల్ మొత్తం అందులో దాచుకున్నాడు. దాన్ని సంచీలో వేసుకుని మా పక్కింటి మీరావలి దగ్గరికి వెళ్ళాను. అతనికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అన్నీ నా ఫోన్లోకి ఎక్కించమని, మా ఆవిడకి తెలియకూడదని చెప్పాను. ఎక్కించి ఇచ్చాడు. మొదటిది నొక్కితే చాలు, ఒకదాని తరవాత ఒకటి దానంతటదే వస్తుందన్నాడు.

మా ఇల్లు జగ్గయ్యపేట, నేను తెలుగు చెప్పేది నందిగామలో. వెళ్ళేటప్పుడు బస్సులో రెండు భాగాలు, వచ్చేటప్పుడు రెండు. ఫోన్లో ఒక్కోదాని పేరు బారెడు పొడుగు. తెర మీద పట్టక చివర చుక్కలు కనపడేవి. పేరుతో నాకేం పని, కథ కావాలిగాని.

మొదటి రోజు సాయంత్రం రాజ్యశ్రీ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను చెప్పులు విప్పుతూ, ఎండల సంగతి మాట్లాడినంత మామూలుగా మొదలుపెట్టాను.

“రాజ్యం, ఆ మంచు గడియారం చూసా.”

చేతులు ఆగాయి. “ఎంతవరకు?”

“నాలుగు భాగాలు. ఒక మాస్టర్ని పట్టుకుని దొంగని చెయ్యడం నాకు నచ్చలా.”

“ఊఁ.”

“ఇంకోటి. ఆ మియో పాపని అంత తొందరగా చంపాల్సింది కాదు. పొద్దున చూపించి సాయంత్రానికి ఫొటోకి దణ్ణం పెట్టిస్తే మనకి బాధెలా కలుగుద్ది? కథనంలో పెద్ద లోపం.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. పెదవులు అదిరాయి. గబుక్కున లేచి, చిక్కుడుకాయల గిన్నెతో సహా మీరావలి భార్య షాజాది ఇంటికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నన్ను నేను తిట్టుకున్నాను. మొదటి రోజే చావు ప్రసక్తి తెచ్చే మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఒక లాభం ఉంది. ‘ఎంతవరకు’ అని అడిగింది. చాలా నెలల తరవాత ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. కాబట్టి విమర్శ కొనసాగించడానికే నిశ్చయించుకున్నాను.

ఆ వారంలో ఒక అద్భుతం జరిగింది. నల్లబట్టలతో, కుంటికాలితో, మాటా పలుకూ లేకుండా తిరుగుతున్న కాజా ఇంట్లోకి మియో పాప బడిసంచీ తగిలించుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కాజా కుంటికాలు కూడా బాగయింది. నేను బస్సులో సీట్లోంచి లేచి నిలబడ్డాను. కండక్టరు చిల్లకల్లులో దిగుతున్నాననుకుని విజిల్ వేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి దాదాపు పరుగున వెళ్ళాను.

“రాజ్యం, పాప బతికొచ్చింది.”

“అలాగా.”

“వాళ్ళన్నయ్య కొంచెం కూడా కంగారుపడలా. టిఫిను తిన్నావా అని అడిగాడు. అదేంటి మరి?”

ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. గిన్నె కోసం చెయ్యి చాచింది, గిన్నె దొరకలేదు, ఖాళీ చేట పట్టుకుని షాజాది ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పాప మళ్ళీ పోయింది. కాజా మళ్ళీ కుంటాడు. కొన్నాళ్ళకి పాప మళ్ళీ వచ్చింది. పాతికేళ్ళుగా పిల్లలకి పద్యాలు విప్పి చెబుతున్నవాణ్ణి, ఈ మాత్రం విప్పలేనా అని ఆలోచించాను. సమాధానం దొరికినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గడియారం ఆగినప్పుడల్లా మనుషులు మరచిపోతున్నారని అందరూ అనుకుంటున్నారు. కాదు. గడియారం ఆగినప్పుడల్లా కాలమే వెనక్కి పోతోంది. పోయినవాళ్ళు ఒక పూట ఇంటికొచ్చి టిఫిను తిని వెళ్తున్నారు. దుఃఖం చాలాసేపు, సంతోషం కాసేపు. ఇంత గొప్ప కల్పన చేసినవాడెవడోగాని, వాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

అప్పటికి నేను ఒంటరిగా చూడటం లేదు. నందిగామలో ఒక ఆఫీసులో అటెండరుగా చేసే సాంబయ్య రోజూ నా పక్క సీట్లోనే కూర్చుంటాడు. మొదట్లో నా భుజం మీంచి తొంగిచూశాడు. తరవాత ఇయర్‌ఫోనులో ఒకటి తన చెవిలో పెట్టుకున్నాడు. జపాను మాటలు అర్థం కావు, కింద వచ్చే ఇంగ్లీషు చదవలేడు. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. నాకు సెలవు పెట్టాల్సి వస్తే ముందుగా అతనికి చెప్పుకోవలసి వచ్చింది. ఉదయం బస్సెక్కగానే నమస్కారం కూడా లేదు.

“మియో ఇవాళ బతికే ఉందా మాస్టారూ?”

“చూద్దాం ఉండు సాంబయ్యా.”

ఉంటే జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి నాకూ పెట్టేవాడు. లేకపోతే నందిగామ దాకా ఇద్దరం పస్తే.

ఇంట్లో నా విమర్శ రోజురోజుకీ లోతుకు పోతోంది. లోపాలు నేను దాచలేదు. కాజా ఒక నిర్ణయం తీసుకునేలోపు టీ చల్లారి, మీగడ కట్టి, పారబోయడం కూడా అయిపోతుంది. ఒక కన్నీటిబొట్టు కంట్లోంచి గడ్డం దాకా రావడానికి మన బస్సు టోల్‌గేటు దాటినంత సేపు పడుతుంది. ఒకే వంతెన మీద ఒకే సంభాషణ ముగ్గురు మూడుసార్లు గుర్తుచేసుకుంటారు. అమ్మాయిలందరికీ ఒకటే ముఖం, జుట్టు రంగు చూసి పోల్చుకోవాలి. కానీ ఆ మంచు పడే నిశ్శబ్దం, చాక్‌పీసు బోర్డు మీద లెక్క రాస్తూ ఆగిపోయినప్పుడు మన గుండె ఆగడం, ఇవి మామూలు పనితనం కాదని కూడా ఒప్పుకున్నాను. అన్నిటినీ మించింది ఆ కాలపు నడక అని రోజూ చెప్పేవాణ్ణి. ఆవిడ రోజూ ఏదో ఒక పాత్ర పట్టుకుని షాజాది ఇంటికి పోయేది. మా వంటింట్లో గిన్నెలన్నీ ఒకసారి ఆ ఇల్లు చూసి వచ్చాయి. ఆవిడ కళ్ళు రోజూ ఎరుపే. నోట్లోంచి మాత్రం ఊఁ, అలాగా, ఈ రెండే.

చిన్న మోతాదు పనిచేయడం లేదు కాబట్టి పెద్ద మోతాదు వేయాలనుకున్నాను.

రత్నబాబు పుట్టినరోజు ఆదివారం పడింది. మీరావలి కూతురు ఆసిఫా డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి, ఫ్యాక్టరీలో రత్నబాబుతో పనిచేసిన వీరేంద్ర, ఇంకొంతమంది కలిసి ఈ సీరియల్ అభిమానులకి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో హైదరాబాదు వాళ్ళు, బెంగుళూరు వాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజు మా మేడ మీద అందరం కూర్చుని ఆ సీరియల్ గురించే మాట్లాడుకుందామని ఆసిఫా అడిగింది. నేను వెంటనే ఒప్పుకున్నాను. ‘మంచు గడియారం: బలాలు, బలహీనతలు’ అని అంశం కూడా నేనే పెట్టాను. ప్రధాన వక్తగా నన్ను కూడా నేనే పెట్టుకున్నాను. రాజ్యశ్రీని టీ మాత్రం ఇమ్మన్నాను. నా లెక్క ప్రకారం ఆవిడ మెట్ల మీద నిలబడి వింటుంది, ఎక్కడో ఒకచోట ఉండబట్టలేక నా మాట ఖండిస్తుంది.

ఆదివారం సాయంత్రం కుర్రకారంతా వచ్చారు, మీరావలీ షాజాదీ కూడా. సాంబయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. మొదట వీరేంద్ర మాట్లాడాడు. నడిమి సీజన్లు సాగదీశారని, పోలీసు కథ అక్కర్లేదని, చాక్‌పీసు గతం చెప్పిన తీరు మాత్రం గొప్పదని అన్నాడు. బాగానే చెప్పాడుగాని పైపైన చెప్పాడనిపించింది. తరవాత నేను లేచాను.

లోపాలు చెప్పినంతసేపు అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు గొంతు తగ్గించి, ఈ సీరియల్ అసలు బలాన్ని ఇప్పటిదాకా ఎవరూ గుర్తించలేదని చెప్పాను. మియో పోవడం, రావడం, కాజా కాలు బాగవడం, మళ్ళీ కుంటడం అన్నీ వరసగా వివరించాను. మొదట్లో పాప ఎక్కువగా పోతూ ఉండేదని, ఈమధ్య చాలా భాగాలుగా ఇంట్లోనే ఉంటోందని, అంటే ఆ ఊరు మెల్లగా కోలుకుంటోందని చెప్పి కూర్చున్నాను.

వీరేంద్ర నోరు తెరిచి ఉంది.

ఆ తరవాత మేడ మీద గలాటా మొదలైంది. ఒక కుర్రాడు లేచి, ఇది ఎవరికీ తట్టని కోణమన్నాడు. ఇంకొకడు, మాస్టారు చూసింది డైరెక్టరు రహస్యంగా వదిలిన కూర్పు అయి ఉంటుందన్నాడు. వీరేంద్ర తల పట్టుకుని, తను మొత్తం నాలుగుసార్లు చూశానని, పాప ఒక్కసారే పోతుందని అరిచాడు. నువ్వు కళ్ళతో చూశావు, మాస్టారు మనసుతో చూశారని మొదటి కుర్రాడు తిరిగి అరిచాడు. ఎవరో నా ఉపన్యాసం అప్పటికే గ్రూపులో పెట్టేశారు. దానికి ‘నందిగామ థియరీ’ అని పేరు పెట్టారు. హైదరాబాదు నుంచి ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. బెంగుళూరు వాళ్ళు సాక్ష్యం అడిగారు.

సాక్ష్యం అన్న మాట వినగానే సాంబయ్య లేచి నిలబడ్డాడు.

“మేం రోజూ చూస్తన్నాం అండి. ఆ పాప పోడం రాడం మామూలే. మొన్న గురువారం కూడా వచ్చింది. చేపల పులుసు తింది.”

వీరేంద్ర కుర్చీ వెనక్కి పడింది. రెండు పక్షాలూ ఒకరి మీదికొకరు వచ్చారు. ఆసిఫా మధ్యలో నిలబడి చేతులు చాచింది. నేను మాత్రం ఆనందంగా మెట్ల వైపు చూశాను. రాజ్యశ్రీ టీ గ్లాసుల పళ్ళెంతో పైమెట్టు మీద నిలబడి ఉంది.

“ఏవండీ,” అంది. పెద్దగా అనలేదు. అయినా అందరూ ఆగారు. “మొదటి భాగం తర్వాత మీరేం చూసారు?”

“రెండోది.”

“అందులో ఏముంది?”

“తుఫానులో కాజా దారి తప్పడం.”

“అది పదోది. తర్వాత?”

“మియో ఫొటోకి దణ్ణం పెట్టడం.”

“అది వందోది.”

ఆసిఫా నా చేతిలోంచి ఫోను తీసుకుని అడ్డంగా తిప్పింది. అడ్డంగా తిప్పితే పేర్లు పూర్తిగా కనపడతాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఒకటి, దాని కింద పది, దాని కింద వంద, నూటొకటి, నూటరెండు. అలా నూటతొమ్మిది దాకా పోయి, అక్కడ పదకొండు. మీరావలి ముందుకొచ్చి, నాకు తెలిసిన భాషలోనే వివరించాడు. హాజరుపట్టీలో పేర్లు అక్షర క్రమంలో రాసినట్టే ఫోను అంకెల్ని కూడా మొదటి అక్షరం చూసి పేరుస్తుందట. ఒకటితో మొదలయ్యేవన్నీ ఒకచోట. వాటి తరవాతే రెండు.

“అంటే నేను చూసింది...” అన్నాను.

“జగ్గయ్యపేట కూర్పు మాస్టారూ,” అన్నాడు వీరేంద్ర, పడిన కుర్చీ లేపుకుంటూ.

అప్పుడు రాజ్యశ్రీ నవ్వింది. ముందు పళ్ళెంలో గ్లాసులు గలగలలాడాయి. షాజాది పరిగెత్తుకొచ్చి పళ్ళెం అందుకుంది. రాజ్యశ్రీ మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అది చాలక పొట్ట పట్టుకుని నవ్వింది. షాజాది కూడా నవ్వుతోంది. ఆ నవ్వు కొత్తగా తెలిసినవాళ్ళు నవ్వే నవ్వులా లేదు. చాలా రోజులుగా సాధన చేసినట్టుంది. మీరావలి నా వైపు చూడకుండా పిట్టగోడ మీది పావురాల్ని చూస్తున్నాడు.

అందరూ వెళ్ళాక నేనూ ఆవిడా మేడ మీద గ్లాసులు ఏరుతున్నాం. ఇంకా వెలుగు ఉంది.

“నీకు ముందే తెలుసా?”

“మొదటి రోజే. నాలుగు భాగాలు చూసి ఫొటోకి దణ్ణం అన్నారు చూడండి, అప్పుడే. మీరావలినడిగితే నాలిక్కరుచుకున్నాడు. సరిచేసి ఇస్తా అక్కా అన్నాడు. నేనే వద్దన్నా.”

“షాజాది ఇంటికెళ్ళి ఏడుస్తున్నావనుకున్నా.”

“మీరు చెప్పింది చెప్పినట్టు దానికి చెప్పేదాన్ని. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. నవ్వుతుంటే ఏడుపొచ్చేది. ఏది ఎంతో నేను చూసుకోలా.”

“మరి నాకు చెప్పొచ్చుగా.”

“చెప్తే ఆపేస్తారుగా. వాడు పోయాక మీరు నాతో నోరు విప్పింది ఇదేనండీ.”

గ్లాసు కింద పెట్టాను. “మాట్లాడ్డం మానేసింది నువ్వు గదా.”

“నేనా? వాడు పోయిన రోజు చుట్టాల పిల్లలెవరో టీవీ పెట్టారు. మంచు గడియారం పాట రాగానే లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది ఎవరు? రిమోట్ ఎందుకు దాచాననుకున్నారు, నా కోసమా?”

ఆవిణ్ణి మాట్లాడించడానికి నేను వేసిన పథకం అంతా, నన్ను మాట్లాడించడానికి ఆవిడ వేసిన పథకంలో ఒక చిన్న భాగమన్నమాట. గ్లాసులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

“అయితే మియో...”

“అరవై మూడులో పోద్ది.”

“మళ్ళీ?”

“మళ్ళీ రాదు.”

“ఒక్కసారి కూడానా?”

“కల్లో కూడా రాదు. రత్నబాబు దాన్నే పెద్ద లోపమనేవాడు. కనీసం కల్లోనైనా చూపించొచ్చుగదా వదినా, వీళ్ళ సొమ్మేం పోయింది అనేవాడు.”

“నువ్వేమన్నావు?”

“అదే దాని బలం అన్నా. పోయినవాళ్ళు రారు, కథ మాత్రం నడుస్తానే ఉంటది, అట్టా తియ్యడానికి ధైర్యం కావాలి అన్నా. వారం రోజులు పోట్లాడుకున్నాం.” ఆవిడ చివరి గ్లాసు పళ్ళెంలో పెట్టింది. “ఇప్పుడైతే అననండీ. మీ వరసే బాగుంది.”

మర్నాటి నుంచి నాకు శిక్ష మొదలైంది. రిమోట్ చింతపండులోంచి బయటికొచ్చింది. మొదటి భాగం నుంచి, ఒకటి తరవాత రెండు చొప్పున, ఆవిడ పక్కన కూర్చుని చూడాలి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి ప్రశ్నలడిగే హక్కు ఆవిడది. తరగతిలో నేనడిగే ప్రశ్నలకన్నా కష్టమైనవి అడుగుతుంది. తప్పు చెబితే ఆ భాగం మళ్ళీ పెడుతుంది. నందిగామ థియరీ వల్ల నాకు అభిమానులు కూడా ఏర్పడ్డారు. బెంగుళూరులో ఒక అమ్మాయి కావాలని నా వరసలోనే చూసి, బాగా ఏడ్చానని రాసింది. ఈ సంగతి చెబితే రాజ్యశ్రీ, అందరూ చెడిపోయేదాకా మీరు ఊరుకోరంది.

సాంబయ్యకి సోమవారం బస్సులో నిజం చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. అతను చిల్లకల్లు దాటేదాకా ఆలోచించాడు.

“మనం మన వరసలోనే చూద్దాం మాస్టారూ. దీంట్లో పాప ఇప్పుడు ఇంట్లోనే ఉంది గదా.”

కాబట్టి పొద్దున బస్సులో ఒక వరస, సాయంత్రం ఇంట్లో ఒక వరస. ఒకదాంట్లో పాప ఎక్కడుందో గుర్తుపెట్టుకుని రెండోదాంట్లో పైకి అనకుండా ఉండటం నా వయసువాడికి తేలిక కాదు. మొన్న చాక్‌పీసు నిజంగా ఎవరో తెలిసిన సాయంత్రం నేను కుర్చీలోంచి లేచి అరిచాను. రాజ్యశ్రీ అంతకన్నా గట్టిగా అరిచింది, తనకి ముందే తెలిసినా. కాస్త నెమ్మదిగా అని పక్కింట్లోంచి మీరావలి అన్నాడు. ఆ రాత్రి వంకాయకూరలో ఉప్పు తగ్గిందన్నాను. నా నాలుక గురించి, మా వంశం వాళ్ళందరి నాలుకల గురించి ఆవిడ అన్నం తినడం పూర్తయ్యేదాకా చెప్పింది.

అరవై మూడో భాగం కూడా చూశాం. ఆ రోజు ప్రశ్నలు అడగలేదు. అక్కడి నుంచి కథ సాగదీశారని నేనంటాను, లేదని ఆవిడ అంటుంది. రత్నబాబు పక్షం తీసుకుని మాట్లాడేవాడు ఒకడుండాలి గదా అని నేనే ఆ పక్షం తీసుకున్నాను. వాడంత బాగా వాదించలేకపోతున్నానని ఆవిడ తీర్పు.

హార్డ్‌డిస్కులో ఉన్నవన్నీ పోయిన వారం అయిపోయాయి. ఆఖరి సీజను వాడు పోయిన తరవాత వచ్చింది. ఆసిఫా దాన్ని మా టీవీలో తెరిచి, ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్ళింది. మేమింకా నొక్కలేదు.